రెండు మెడలకు ఒక గొలుసు

ఫారంలో పదకొండో గడి దగ్గర మద్దిలేటి సారు కలం ఆగింది. "రోగికీ, దాతకూ చిన్నతనంలో ఒకే కాలంలో వచ్చిన జబ్బులు" అని ఉంది అక్కడ. బేతంచెర్ల హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్న మనిషి. ఎన్నో ఫారాలు నింపాడు, పిల్లల చేత నింపించాడు. ఇలాంటి గడిని ఎన్నడూ చూడలేదు.

పక్క కుర్చీలో ఆయన చెల్లెలు సంజమ్మ తలకు రుమాలు కట్టుకుని కూర్చుని ఉంది. డోన్ డిపోలో బస్సు కండక్టరు. పద్నాలుగు నెలల కింద రక్తంలో క్యాన్సర్ బయటపడింది. రెండు ఆసుపత్రుల మందులు ఆమె జుట్టును తీసుకుపోయాయి గానీ జబ్బును తీసుకుపోలేదు. చివరికి కర్నూలు బయట, రాళ్ళ గుట్టల మధ్య ఉన్న ఈ పరిశోధన ఆసుపత్రికి వచ్చారు.

"రాయి అన్నా, ఆలోచిస్తావేంది? తట్టు. నాకు నాలుగేండ్లు, నీకు ఏడు" అంది సంజమ్మ.

సారు రాశాడు.

"ఆటలమ్మ. ఆ మరుసటేడు. నీకు మొకం నిండా పోసింది, నాకు వీపు మీద. గోక్కోవద్దని అమ్మ నా చేతులకు గుడ్డ కట్టింది. నీ చేతులు మాత్రం కట్టలే. పెద్దోడివి, చెప్తే ఇంటావని. ఇంటివా? ముక్కు పక్కన ఆ గుంత ఎట్లొచ్చింది మరి?"

సారు నవ్వి అది కూడా రాశాడు. ఇంతలో నర్సు వచ్చి రక్తం తీయాలని సంజమ్మను లోపలికి పిలుచుకుపోయింది. ఆమె వెళ్ళాక సారు తనంతట తానే మూడో జబ్బు రాశాడు. గవదబిళ్ళలు. ఆయనకు తొమ్మిదేళ్ళు, చెల్లెలికి ఆరు. రాస్తుంటే బుగ్గల మీద సున్నం, బెల్లం కలిపి వేసిన పట్టు బిగుసుకున్నట్టే అనిపించింది.

డాక్టర్ ఇందుమతి ఫారం చూసి తల ఊపింది. "మూడు విడతలు ఎక్కించాలి. మూడు జబ్బులున్నాయి. సరిగ్గా సరిపోయాయి సార్."

ఆమె ఎక్కువ మాటలు వాడదు. కాగితం మీద రెండు గుండ్రాలు గీసి చెప్పింది. ఒకసారి వచ్చిన జబ్బును ఒంట్లో కొన్ని కణాలు జీవితాంతం గుర్తుపెట్టుకుంటాయి. అన్నయ్య ఎముక మూలుగలోంచి ఆ కణాలను బయటికి తీస్తారు. వాటికి పాత జబ్బును మరిపించి, చెల్లెలి క్యాన్సర్‌ను గుర్తుపట్టడం నేర్పి, ఆమెకు ఎక్కిస్తారు. ఏమీ నేర్వని కణాలకు నేర్పితే వారంలో మరచిపోతున్నాయి. చిన్నప్పుడు గట్టిగా నేర్చుకున్న కణాలకే పట్టు ఉంది. అదీ ఇద్దరికీ కలిసి వచ్చిన జబ్బు తాలూకు కణాలైతే, చెల్లెలి ఒళ్ళు వాటిని పరాయివని తరిమెయ్యదు.

"వాటిని ముందే పరీక్ష చేసి చూడలేరా?" అని అడిగాడు సారు.

"అవి మూలుగలో ఎక్కడో దాగుంటాయి. ఆ విడతకు తీసి చూస్తే తప్ప తెలియదు. అందాకా మీ మాటే మాకు ఆధారం." కొంచెం ఆగి ఆమె మళ్ళీ అంది. "తీసేసిన జబ్బును మీ ఒళ్ళు మళ్ళీ నేర్చుకోదు. టీకా వేసినా పట్టదు. అది సోకితే, పసిపిల్లాడికి సోకినట్టు కాదు, అంతకంటే గట్టిగా సోకుతుంది. మీరేం చేస్తుంటారు?"

"టీచర్ని."

డాక్టరు కలం కింద పెట్టింది. సారు తన కలం తీసి సంతకం చేశాడు.

*

మొదటి విడతలో తట్టు పోయింది.

నడుము దగ్గర సూది గుచ్చిన నొప్పి రెండు రోజులు ఉంది. అంతకు మించి ఏమీ తెలియలేదు. అదే ఆయనకు వింతగా తోచింది. నల్లబల్ల మీద అక్షరం తుడిస్తే తెల్లటి మరక మిగులుతుంది. తనలోంచి ఒక జ్ఞాపకాన్ని తుడిచేశారు, మరకైనా లేదు.

"తట్టు పోయిందంట గదా. ఎట్లుండాది?" అని అడిగింది సంజమ్మ, పడక మీద నుంచి.

"ఏమీ తెలియడం లేదు."

"టికెట్ ఇయ్యకముందే దిగిపోయినట్టుంది ముండ."

ఇరవై రోజులకు ఆమె రక్తంలో చెడ్డ కణాలు సగానికి పడ్డాయి. రెండో విడతలో ఆటలమ్మ పోయింది. ఈసారి సగంలో సగం. సంజమ్మ నోటికి రుచి తిరిగొచ్చింది. జొన్నరొట్టె, చెనక్కాయలు నూరి చేసే ఊరిబిండి కావాలంది. సారు పొద్దున్నే లేచి తనే రొట్టెలు తట్టి, బస్సెక్కి కర్నూలు తీసుకుపోయాడు. ఆయన భార్య చనిపోయి ఆరేళ్ళు. సంజమ్మ పెళ్ళి చెడి అన్న ఇంటికి వచ్చి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్ళు ఇద్దరే. రొట్టె తట్టడం ఆయనకు చెల్లెలే నేర్పింది.

"అంచులు మాడినాయి" అంది ఆమె, రెండోది అందుకుంటూ.

"తినకు అయితే."

"మాడినాయన్నా. బాగలేదన్నానా?"

బడిలో మాత్రం రోజులు వేరే రకంగా గడుస్తున్నాయి. ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్ల సువార్త నోటుపుస్తకం దిద్దించుకుందామని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. రంగాపురం పిల్ల, తెలివైనది, బొమ్మలు బాగా వేస్తుంది. ఆమె చెవి వెనక, మెడ మీద ఎర్రటి పొక్కులు కనిపించాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తట్టు.

మద్దిలేటి సారు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆలోచించి వేసినవి కావు. కాళ్ళే వేశాయి. ఒక పిల్లను చూసి వెనక్కి తగ్గడం ఆయనకు ఉద్యోగంలో అదే మొదలు. సువార్త ఆయన మొహం చూసింది, ఆయన కాళ్ళు చూసింది. తరువాత నోటుపుస్తకాన్ని నేల మీద, గడప దగ్గర పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్ల అవ్వా తాతలు ఒకప్పుడు ఊళ్ళో ఏది తెచ్చినా, ముట్టుకోకూడదని, అట్లాగే దూరంగా పెట్టి పోయేవారని సారుకు తెలుసు. తన బడిలో అది జరగకూడదని ఇరవై రెండేళ్ళు చూసుకున్నాడు.

పుస్తకాన్ని చాలాసేపు తీయలేకపోయాడు. ఆ రోజు నుంచి మొహానికి గుడ్డ కట్టుకుని, వాకిలి దగ్గర నిలబడి పాఠం చెప్పసాగాడు. హెడ్మాస్టరు సెలవు పెట్టమన్నాడు. ఇంకొక్క విడతే కదా అన్నాడు సారు.

*

మూడో విడత రోజు డాక్టర్ ఇందుమతి ఆయనను తన గదిలోకి పిలిచింది. బల్ల మీద ఒక పొడవాటి కాగితం పరచి ఉంది.

"సార్, మీకు గవదబిళ్ళలు ఎప్పుడు వచ్చాయన్నారు?"

"తొమ్మిదేళ్ళప్పుడు. చెల్లెలితో పాటే."

"రాలేదు సార్."

"ఎట్లా రాలేదు? నాకు బాగా జ్ఞాపకం."

"మీకు జ్ఞాపకం ఉండవచ్చు. మీ ఒంటికి లేదు. మూడుసార్లు వెతికాం. మీ చెల్లెలికి ఉంది. మీకు ఒక్క కణం కూడా లేదు."

సారుకు కోపం వచ్చింది. ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, మాటలు మరీ విడివిడిగా వస్తాయి. రెండు బుగ్గలూ వాచాయని, గడ్డం కింది నుంచి నడినెత్తికి గుడ్డ కట్టారని, బంగారం మెడలో ఉంటే వాపు దిగుతుందని పక్కింటి మాలన్‌బీ అవ్వ చెప్పిందని, ఇంట్లో ఉన్న బంగారమంతా అమ్మ మెడలోని ఒక్క గొలుసేనని వివరంగా చెప్పాడు. ఇద్దరు పిల్లలకు ఒకటే గొలుసు. అమ్మ ఇద్దరినీ ఒకే చాప మీద, తలలు ఆనించి పడుకోబెట్టి, ఆ పొడుగాటి గొలుసును ఇద్దరి మెడలకూ కలిపి వేసింది. ఒకరు పక్కకు ఒత్తిగిలితే రెండో వాళ్ళు కూడా ఒత్తిగిలాల్సిందే. ప్రతి ఏడూ ఎనిమిదో తరగతికి అంటువ్యాధుల పాఠాన్ని ఆయన ఈ కథతోనే మొదలుపెడతాడు.

డాక్టరు అంతా వింది. "మీ చెల్లెలిని ఒకసారి అడగండి" అంది.

సంజమ్మ పడక మీద కూర్చుని కిటికీలోంచి ఆసుపత్రి ముందు తిరిగే ఆటోలను చూస్తూ ఉంది. సారు జరిగింది చెప్పాడు. ఆమె గిరుక్కున ఆయన వైపు తిరిగింది.

"గవదబిళ్ళలు రాసినావా నువ్వు? ఫారంలో?"

"రాశాను."

సంజమ్మకు నవ్వు మొదలైంది. ముందు భుజాలు కదిలాయి, తరువాత గొంతు. నవ్వు దగ్గులోకి దిగి, కళ్ళలో నీళ్ళొచ్చి, ఒక చేత్తో సెలైన్ గొట్టాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో అన్న మోకాలి మీద కొట్టింది.

"అన్నా, అది పత్తి! నువ్వు బుగ్గల్లో పత్తి పెట్టుకుంటివి. మరిసిపోయినావా?"

"పత్తి ఏంది?"

"ఆదోనికి తోలాలని నాయన నడవలో పోసినాడే, ఆ పత్తి. నాకు గవదలొస్తే నీకు అంటుకుంటాదని నిన్ను పత్తికొండకు మామ ఇంటికి పంపల్లని సంచి సర్దినారు. తెల్లారి లేస్తే నీకూ రెండు బుగ్గలూ ఉబ్బినాయి. అమ్మ లబోదిబోమనింది. నువ్వు తినేటప్పుడు దుప్పటి కప్పుకుని పత్తి తీసి నా చేతికి ఇచ్చేవాడివి. తడి తడిగా. థూ!"

సారు కుర్చీలో కూర్చున్నాడు. మెల్లగా, చాలా దూరం నుంచి, నాలుక మీద ఒక పొడి రుచి కదిలింది. పత్తి గింజ. పంటి కింద పడిన పత్తి గింజ. దాదాపు నలభై ఏళ్ళు అందరికీ చెప్పీ చెప్పీ తానే నమ్మాడు. మాట జారకుండా చూసుకునే మనిషినని, పిల్లలకు అచ్చుతప్పు కూడా చెప్పనని అనుకుంటూ వచ్చాడు.

"నువ్వు ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిన్ను పత్తికొండకు పంపుతారు గదా" అంది సంజమ్మ. నవ్వు ఆగిపోయింది. బయట ఎవరో ఆటో హారన్ కొట్టారు. "మరి మూడోది ఇప్పుడు లేదంటావు?"



*

రెండు రోజుల తరువాత డాక్టర్ ఇందుమతి ఆ పొడవాటి కాగితాన్నే మళ్ళీ పరిచింది. గవదబిళ్ళల కోసం వెతికినప్పుడు ఇంకొకటి కనిపించిందట. కాగితం మీద అక్కడక్కడా గీతలు ఉన్నాయి గానీ, ఒకచోట మాత్రం గడ్డివాము లాగా దట్టంగా ఉన్నాయి.

"ఇవన్నీ పడిశాలు, దగ్గులు. ఇరవై ఏళ్ళవి. ఇంత దట్టంగా నేనెవరిలోనూ చూడలేదు. మీ చెల్లెలి కాగితం పక్కన పెట్టి చూశాను. దాదాపు అన్నీ ఆమెలోనూ ఉన్నాయి. అవే రకాలు, అవే ఏళ్ళు. మీరిద్దరూ ఒక ఇంట్లో ఉన్నది ఎనిమిదేళ్ళే అన్నారు. మిగతావి ఎట్లా కలిశాయో నాకు అర్థం కాలేదు."

సారుకు అర్థమైంది. సంజమ్మ బస్సు డోన్ నుంచి బేతంచెర్ల మీదుగా బనగానపల్లెకు పోతుంది. రంగాపురం పిల్లలు, చుట్టుపక్కల పల్లెల పిల్లలు, అందరూ ఆ బస్సులోనే బడికి వస్తారు. ఏడున్నరకు ఆమె మీద దగ్గి, తొమ్మిదిన్నరకు ఆయన మీద దగ్గుతారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పిల్లలే ఒకరి పడిశాన్ని ఒకరికి మోస్తూ వచ్చారు.

"వీటితో పని జరుగుతుందా?"

"జరుగుతుంది. గవదబిళ్ళల కంటే బాగా జరగవచ్చు." డాక్టరు ఆయన కళ్ళలోకి చూసింది. "కానీ తట్టు ఎప్పుడో వస్తుంది, ఆటలమ్మ ఎప్పుడో వస్తుంది. పడిశం రోజూ ఉంటుంది. ఇది తీస్తే మీరిక బడిలో అడుగు పెట్టకూడదు. బస్సెక్కకూడదు, పెళ్ళిళ్ళకు పోకూడదు. మామూలు దగ్గు కూడా మీ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఎన్నాళ్ళని అడగకండి. ఇప్పటి వరకూ మాకు తెలిసినంతలో, తిరిగి రాదు."

"అర్థమైంది."

"ఇంకొకటి. ఆమె కోలుకుంటే మళ్ళీ ఉద్యోగానికి పోతుంది కదా? ఆమె ఒంట్లో మాత్రం ఆమె సొంత జ్ఞాపకాలు ఉంటాయి. ఆమెకు ఏమీ కాదు. కానీ రోజూ బస్సులోని దగ్గులన్నీ బట్టల మీద, చేతుల మీద ఇంటికి తెస్తుంది. అప్పుడు మీరిద్దరూ ఒక ఇంట్లో ఉండటానికి లేదు."

సారు కాగితం మీది గడ్డివామును చూస్తూ ఉండిపోయాడు. ప్రతి గీతా ఒక పిల్లవాడో, పిల్లో. పేర్లు చెప్పమంటే చెప్పగలడు.

"ఎక్కడ సంతకం చేయాలి?" అన్నాడు.

"రెండు సంతకాలు కావాలి. ఆమెది కూడా."

వరండాలో నడుస్తూ ఆయన మాటలు కూర్చుకున్నాడు. వార్డులోకి వెళ్ళి, పడక పక్కన నిలబడి, మామూలు గొంతుతో అన్నాడు. "మళ్ళీ వెతికినారంట. గవదబిళ్ళలవి దొరికినాయి. ఎక్కడో అడుగున ఉన్నాయంట. సంతకం పెట్టు."

సంజమ్మ కాగితం అందుకోలేదు. ఆయన మొహాన్ని కొంచెంసేపు చూసింది.

"నోరు తెరు."

"ఏంది?"

"నోరు తెరువన్నా. బుగ్గలు చూపించు. పత్తి ఉందేమో చూడల్ల."

"సంజూ..."

"పద్దెనిమిదేండ్లు బస్సులో నిలబడినా. టికెట్ లేనోడు కిటికీలోంచి ఎట్ల చూస్తాడో నాకు తెల్దా? నువ్వు లోపలికొచ్చినప్పటి నుంచి కిటికీనే చూస్తాండావు." ఆమె గొంతు తగ్గింది. "డాక్టరమ్మ నాకు నిన్ననే చెప్పింది. బడి పోతుందని చెప్పింది. నేను ఇంటికి రాగూడదని గూడా చెప్పింది."

సారు పడక చివర కూర్చున్నాడు. పక్క పడక మీది ముసలాయనకు ఎవరో మజ్జిగ తాగిస్తున్నారు.

"వద్దంటావా?" అన్నాడు చివరికి.

"వద్దనాలనే అనుకుంటి. పొద్దున నుంచి అదే మాట నోట్లో పెట్టుకుని కూసున్నా. రాలేదు." సంజమ్మ దుప్పటి అంచును వేళ్ళతో మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "అన్నా, పత్తి సంగతి అమ్మకు ఎందుకు చెప్పలేదో తెలుసా? నిన్ను కాపాడల్లని కాదు. నాకు ఒక్కదానికే పడుకుంటే భయమేసేది. గొంతు పూడుకుపోయి చచ్చిపోతానేమో అనిపించేది. నువ్వు పక్కనుంటే, ఆ గొలుసు కదిలితే, నువ్వుండావని తెలిసేది. నా కోసమే చెప్పలే. నీకు అన్నం సరిగ్గా లేదు, ఆట లేదు. నాకు తెలుసు. అయినా చెప్పలే."

"ఆరేళ్ళ పిల్లవు."

"ఇప్పుడు నలభై మూడు. ఇప్పుడూ అంతే." ఆమె తల ఎత్తింది. "నాకు బతకల్లనుంది అన్నా. చెప్పుకునేదానికి సిగ్గుగా ఉంది. నీ బడి తీసుకుని బతకల్లనుంది."

సారు తల ఊపాడు.

"నేను బతికితే నీ ఇంట్లోకి రాగూడదు. బతకకపోతే రాలేను. ఎట్లైనా దూరమే గదా. బతికి దూరముంటే కనబడనన్నా కనబడతా." చెయ్యి చాచింది. "కలమియ్యి. కానీ ఒక మాట. ఈసారి దొంగతనంగా వద్దు. ఏం పోతాందో అందరికీ చెప్పి రా. నీ పిల్లోళ్ళకు చెప్పి రా. అబద్ధం మింద ఒకసారి పడుకుంటిమి. చాలు."

*

చివరి పాఠానికి సారు వాకిలి బయట నిలబడ్డాడు. మొహానికి గుడ్డ ఉంది. పిల్లలందరినీ లోపల దూరంగా కూర్చోమన్నాడు. నాపరాళ్ళ నేల మీద కిటికీ నుంచి పడిన ఎండ తళతళలాడుతోంది.

"మీకు జూన్ నెలలో అంటువ్యాధుల పాఠం చెప్పాను. అందులో నాకు, మా చెల్లెలికి కలిసి గవదబిళ్ళలు వచ్చాయని చెప్పాను. అది తప్పు. నాకు రాలేదు. మా చెల్లెలిని వదిలి పోలేక బుగ్గల్లో పత్తి పెట్టుకున్నాను. ఆ సంగతి నేనే మరచిపోయాను. మీ నోటుపుస్తకాల్లో ఉంటే కొట్టేయండి."

నవ్వాలో వద్దో తెలియక పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తరువాత ఆయన రేపటి నుంచి రానని చెప్పాడు. ఎందుకు రాడో చెప్పాడు. మీ దగ్గులు, పడిశాలు ఇన్నేళ్ళూ నా ఒంట్లో దాచి ఉంచాను, అవి ఇప్పుడు మీ కండక్టరమ్మకు కావాలి అన్నాడు. తరువాత సువార్త వైపు తిరిగాడు.

"ఆ రోజు నిన్ను చూసి వెనక్కి జరిగాను. నీ తప్పు కాదు. నా ఒంట్లో తట్టును గుర్తుపట్టేది ఏదీ మిగల్లేదు. ఆ మాట ఆ రోజే చెప్పవలసింది."

సువార్త లేచి నిలబడింది. తట్టు తగ్గినా మెడ మీద మచ్చలు ఇంకా పోలేదు. తల ఎత్తి అడిగింది.

"మరి గొలుసు సార్? ఇద్దరికీ కలిపి యేసింది? అది నిజమేనా?"

"గొలుసు నిజం" అన్నాడు మద్దిలేటి సారు. "దాన్ని కొట్టేయొద్దు."

*

మూడో విడత అయి ఏడు నెలలు గడిచాయి.

ఆసుపత్రి కాగితం మీద చెడ్డ కణాల ఎదుట ఈసారి కూడా "కనబడలేదు" అనే ఉంది. పోయిందని డాక్టర్ ఇందుమతి అనదు. మూడు నెలలకొకసారి మూలుగ తీసి చూస్తూనే ఉండాలి. తరువాతి స్టేజీ ఎప్పుడని సంజమ్మ బస్సు భాషలో అడుగుతుంది, డాక్టరు తేదీ రాసిస్తుంది. జుట్టు అంగుళం పెరిగింది. డోన్‌లో డిపో వెనక ఒక గది తీసుకుంది. పోయిన నెల నుంచి మళ్ళీ డ్యూటీ ఎక్కింది.

ఆమె బట్టలు సర్దిన ట్రంకు పెట్టెను సారు ఆటోలో వేసి పంపాడు. అడుగున, చిన్న గుడ్డలో చుట్టి, అమ్మ గొలుసు పెట్టాడు.

సారు మిద్దె దిగడం తక్కువ. బడి నుంచి నోటుపుస్తకాలు వస్తాయి. తెచ్చిన పిల్లలు గేటు బయట అరుగు మీద పెట్టి, "సార్, పెట్టినాం!" అని కేకేసి పోతారు. ఆయన వాటిని రొట్టెలు తిప్పే చిమటాతో పట్టి సంచిలో వేసి, మిద్దె మీద మిరపకాయలు ఆరబోసినట్టు తెరిచి పరుస్తాడు. రెండు రోజులు ఎండ తగిలాక దిద్దుతాడు. సువార్త పుస్తకంలో జూన్ నెల పేజీలో ఒక పేరా అడ్డంగా కొట్టేసి ఉంది. చివరి రెండు పంక్తులు మాత్రం కొట్టేయలేదు. పక్కన పెన్సిలుతో ఒక బొమ్మ వేసింది. చాప మీద రెండు తలలు.

ఎనిమిదింబావుకు బనగానపల్లె బస్సు వస్తుంది. అక్కడ బస్సు ఆగే స్టేజీ లేకపోయినా, సారు ఇంటి ముందర కొంచెం నెమ్మదిస్తుంది. డ్రైవరుకు చెప్పే పని లేదు. విజిల్ ఒకసారి మోగుతుంది.

ఆ రోజు సారు పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు. సంజమ్మ వెనక ఫుట్‌బోర్డు మీదికి వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచి. తల ఎత్తి ఆయనను చూసి, రెండు బుగ్గలూ గాలి నింపి పూరించింది. మిద్దె మీద నుంచి సారు కూడా పూరించాడు. బస్సులోని పిల్లలకు అది చూసి చూసి అలవాటే. కిటికీల నిండా ఉబ్బిన బుగ్గలు.

తరువాత ఆమె కాలరు లోపల వేలు పెట్టి, గొలుసును కొంచెం పైకి లాగి చూపించింది. సారు చెయ్యి తనకు తెలియకుండానే తన మెడ మీదికి పోయింది.

విజిల్ రెండుసార్లు మోగింది. బస్సు వేగం అందుకుంది. మలుపు తిరిగేదాకా లోపలి నుంచి దగ్గులు వినిపించాయి. ఒక్కో దగ్గు ఎవరిదో ఆయన గుర్తుపట్టాడు. ఒకటి సువార్తది. ఎవరైనా ఆ పిల్లకు మిరియాల కషాయం కాచి ఇస్తే బాగుండును.

ఎండ ఎక్కుతోంది. ఆయన వంగి, నోటుపుస్తకాలను ఒక్కొక్కటిగా రెండో వైపుకు తిప్పాడు.